బ్రూనో పోయిన రోజు ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. మా లాబ్రడార్ బ్రూనోకు 12 ఏళ్లు. కిడ్నీలు పాడయ్యాయి, ఇక కొన్ని వారాలేనని డాక్టర్ చెప్పేశారు. ఆఖరిసారి తూచినప్పుడు 34 కిలోలు. పోయాక దహనం చేయిద్దామని మావారు అంటున్నారు. సూర్యాపేట దగ్గర మా పొలంలో పూడ్చిపెడితే సరిపోతుంది, దహనాలు మనుషులకేనని అత్తయ్య అంటున్నారు. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే వాళ్లే తీసుకుపోతారని పక్కింటివాళ్లు చెబుతున్నారు. అర్ధరాత్రి పోతే ఏం చేయాలి? బూడిద మాకిస్తారా? ఇంట్లో ఇంకో చిన్న కుక్క కూడా ఉంది, దాని సంగతేమిటి? బతికుండగానే ఇవన్నీ అడుగుతున్నందుకు తప్పుగా అనుకోకండి.
– మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: తప్పేమీ లేదు. అడగాల్సిన సమయం ఇదే. పోయాక అడిగేవాళ్లకు సగం జవాబులు పనికిరాకుండా పోతాయి. దహనవాటికలో ఫర్నేస్ (శవాన్ని కాల్చే కొలిమి) దాకా చేరితే తర్వాతి పని అక్కడివాళ్లే చూసుకుంటారు. ఊపిరి ఆగినప్పటి నుంచి ఫర్నేస్ తలుపు తీసేదాకా మధ్యలో ఉండే గంటలే మీ చేతిలో ఉంటాయి. ఏదైనా చెడిందంటే అక్కడే చెడుతుంది. అందులోనూ ఎండాకాలం, అపార్ట్‌మెంట్, 34 కిలోల కుక్క. అందుకే ఆ గంటల గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందు ఫోన్లు. నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో జీహెచ్ఎంసీ ఏర్పాటు చేయించిన జంతువుల దహనవాటిక ఉంది. మీరుండేది నగరానికి ఈ చివర, అది ఆ చివర. పగటిపూట ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణం అనుకోండి. ఇది కాక శివార్లలో ప్రైవేటుగా నడిపేవాళ్లున్నారు, మీ డాక్టరు క్లినిక్‌లో అడిగితే ఎవరి పని బాగుంటుందో చెబుతారు. కనీసం రెండు చోట్లకు ఈ వారంలోనే ఫోన్ చేయండి. ఒకచోట ఫర్నేస్ మరమ్మతులో ఉండొచ్చు, గ్యాస్ అయిపోయి ఉండొచ్చు, ముందే నలుగురు వరుసలో ఉండొచ్చు. కరెంటుతో నడిచేదైతే కరెంటు పోవచ్చు. రెండో నంబరు లేనివాళ్లే ఆ రోజు ఊరంతా తిరుగుతారు.

ఫోన్లో 'కుక్కను దహనం చేస్తారా' అని మాత్రం అడిగి పెట్టేయకండి. ఎన్ని కిలోల వరకు తీసుకుంటారు, తలుపు వెడల్పెంత అని అడగండి. చిన్న ఫర్నేస్‌లున్నచోట పెద్ద కుక్కను తీసుకోరు. అక్కడికెళ్లాక ఆ మాట తెలిస్తే దిక్కుతోచదు. ఎన్ని గంటలకు తెరుస్తారు, ఆఖరి దహనం ఎన్నింటికి మొదలుపెడతారు? 34 కిలోల కుక్కకు కాలడం, చల్లారడం కలిపి మూడు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం 5 గంటలకు చేరినా 'రేపు రండి' అనొచ్చు. రాత్రి వస్తే ఉంచడానికి కోల్డ్ స్టోరేజీ ఉందా? వాళ్ల బండి వస్తుందా, మనమే తేవాలా? ఏ కాగితాలు కావాలి? మామూలుగా అడిగేవి యజమాని ఆధార్, కుక్క వ్యాక్సిన్ పుస్తకం, చనిపోయినట్టు పశువైద్యుడు రాసిచ్చిన చీటీ. ఈ మూడూ ఒక కవర్లో పెట్టి తలుపు దగ్గర ఉంచేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న బూడిదది. 'బూడిద ఇస్తారా' అంటే అందరూ ఇస్తామనే అంటారు. 'మావాడిని ఒక్కడినే పెడతారా, ఇంకొకదానితో కలిపి పెడతారా' అని అడగాలి. మూడు పద్ధతులున్నాయి. మొదటిది ఒంటరి దహనం, లోపల మీ కుక్క ఒక్కటే ఉంటుంది. రెండోది సామూహికం, నాలుగైదింటిని కలిపి కాలుస్తారు, బూడిద ఎవరికీ ఇవ్వరు. మధ్యలో ఇంకోటుంది. ఒకే ఫర్నేస్‌లో ఎడంగా పెట్టి, మధ్యలో ఇటుకలు గానీ ట్రేలు గానీ అడ్డంపెట్టి కాలుస్తారు. అందులో బూడిద ఎంతో కొంత కలుస్తుంది, కానీ కొన్నిచోట్ల దాన్నీ 'సెపరేట్' అనే పిలుస్తారు. ధర ఒంటరిదానికి ఎక్కువ, పైగా బరువును బట్టి శ్లాబులు. బండికి, సెలవు రోజుకు, బూడిద కుండకు విడిగా వేస్తారేమో కలిపి చెప్పమనండి. కళ్లెదుట లోపల పెట్టడం చూడనిస్తారా అన్న ప్రశ్నకు తడబడితే ఆ నంబరు కొట్టేయడమే మేలు.

బరువు చెప్పేటప్పుడు పాత 34 చెప్పకండి. కిడ్నీ జబ్బుతో ఈపాటికి చిక్కిపోయి ఉంటాడు. తర్వాతిసారి క్లినిక్‌కు తీసుకెళ్లినప్పుడు ప్లాట్‌ఫాం తూకం మీద నిలబెట్టి చూడండి, శ్లాబు మారితే డబ్బూ తగ్గుతుంది. బాధ భరించలేని స్థితికొచ్చి డాక్టరు కన్నుమూయించే ఇంజెక్షన్ మాట ఎత్తితే, దాన్ని ఉదయం పూట, దహనవాటిక తెరిచి ఉండే రోజున పెట్టించుకోండి. శనివారం రాత్రి 9 గంటలకు ఇంజెక్షన్ ఇప్పించి ఆదివారమంతా ఐసు మార్చుకుంటూ కూర్చోవాల్సిన పని తప్పుతుంది.

ఆ మొదటి గంట

ఇంట్లోనే పోతే ముందు పోయాడని రూఢి చేసుకోవాలి. ఎడమ ముంగాలిని మడిస్తే మోచేయి ఛాతీకి ఎక్కడ తగులుతుందో అక్కడ వేళ్లు ఆనించి ఒక నిమిషం పూర్తిగా చూడండి. అయిదు నిమిషాలాగి మళ్లీ చూడండి. కనుగుడ్డుకు దూదితో మెల్లగా తాకితే రెప్ప కదలకూడదు. గుండె ఆగాక కూడా కొన్ని నిమిషాలపాటు ఒకటి రెండు ఎగశ్వాసలు రావొచ్చు, తొడ కండరం అదరొచ్చు, మూత్రం, మలం జారొచ్చు. అది చూసి మళ్లీ బతికాడనుకుని ఛాతీ నొక్కేవాళ్లున్నారు. అవి ప్రాణం పోయాక నరాలు, కండరాలు తమంతట తాము చేసే పనే. అనుమానంగా ఉంటే డాక్టరుకు వీడియో కాల్ చేయండి.

ఆ తర్వాత గడియారం నడుస్తుంది. చనిపోయిన శరీరం మూడు గంటల్లోపు బిగుసుకోవడం మొదలవుతుంది, 12 గంటలయ్యేసరికి కట్టెలా అవుతుంది, మళ్లీ ఒకటిన్నర రోజు తర్వాత వదులవుతుంది. జబ్బుతో చిక్కిపోయిన కుక్కల్లో, ఫిట్స్ వచ్చి పోయినవాటిలో ఇది ఇంకా త్వరగా మొదలవుతుంది. కాబట్టి మీకు ఉండేది గంట, గంటన్నర. ఆలోపే నాలుగు కాళ్లనూ కడుపు వైపు మడిచి, తలను ముంగాళ్ల మీదకు వంచి, మామూలుగా పడుకునే భంగిమలో పెట్టేయండి. మడిచిన కాళ్లను నూలు గుడ్డ పేలికతో వదులుగా కట్టండి. కాళ్లు చాపి ఉండగా బిగుసుకున్న లాబ్రడార్ లిఫ్టులో పట్టడం కష్టం, కారు డిక్కీలో అసలు పట్టదు. బిగుసుకుపోయాక బలవంతంగా వంచొద్దు, ఎముక పటుక్కుమంటుంది. అలాగే చెక్క మీద పెట్టి తీసుకెళ్లండి.

నాలుక బయట ఉంటే లోపలికి తోసి, కింది దవడను పైకి చేర్చి, గాజుగుడ్డతో మూతి చుట్టూ ఒక చుట్టు చుట్టండి. కళ్లు మూసుకోవు. మూసినా తెరుచుకుంటాయి. దానికి బెంబేలు పడక్కర్లేదు. తడిదూది కప్పితే సరి. బొచ్చు కొంచెం కత్తిరించుకోవాలన్నా, పాదం అచ్చు తీసుకోవాలన్నా ఇదే సమయం. పాదం అచ్చుకు అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించి, తడిగుడ్డతో తుడిచి ఆరాక స్టాంప్ ప్యాడ్ ఇంకు రాయండి. వెంట్రుకలు వదిలేస్తే అచ్చు మసకబారుతుంది.

కిందకు ప్లాస్టిక్ షీటు, దాని మీద పెద్దవాళ్లకు వాడే అండర్‌ప్యాడ్లు రెండు, దాని మీద పాత దుప్పటి. తలను, ఛాతీని చిన్న మడతగుడ్డతో రెండు అంగుళాలు ఎత్తులో ఉంచండి. తల కిందికి వాలితే ఊపిరితిత్తుల్లోంచి, పొట్టలోంచి నురుగునీళ్లు ముక్కులోకి వస్తాయి. మీవాడికి చర్మం కింద సెలైన్ ఎక్కిస్తూ ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. ఒంట్లోకి ఇంకని నీరు సూది రంధ్రాల్లోంచి గంటల తరబడి కారుతుంది. భుజం, ఛాతీ కింద ఇంకో ప్యాడ్ వేయండి. కాలికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) ఉంటే డాక్టరుతోనే తీయించి గట్టిగా కట్టుకట్టించుకోండి.

ఇప్పుడు ఐసు. ఇదే సరిగ్గా చేయరు. ప్రేమకొద్దీ మందపాటి రజాయి చుట్టేస్తారు. లాబ్రడార్ ఒంటికి రెండు పొరల బొచ్చుంది, చనిపోయాక కూడా లోపలి వేడి చాలాసేపు బయటికి పోదు. దాని మీద రజాయి చుడితే పొదిగినట్టవుతుంది, కడుపు ఉబ్బుతుంది. ప్లాస్టిక్ కవర్లో మూట కడితే ఇంకా ఘోరం, లోపల చెమ్మ చేరి వాసన త్వరగా పుడుతుంది. ఐసు ముక్కలు గుమ్మరించడమూ వద్దు, కరిగిన నీళ్లు బొచ్చును నానబెడతాయి.

రేపటి నుంచే ఫ్రీజర్లో లీటరు సీసాలు నాలుగు, అర లీటరు సీసాలు నాలుగు పెట్టుకోండి. నిండా పోయకండి, గడ్డకట్టేటప్పుడు నీరు ఉబ్బి సీసా పగులుతుంది, మూడు వేళ్ల ఖాళీ వదలండి. ఒక్కో సీసాకు పాత బనియన్ గుడ్డ చుట్టి, రెండు లీటరు సీసాలు కడుపుకు ఆనించి, ఒకటి వెనుక తొడల మధ్య, ఒకటి వీపు కింద, చిన్నవి చంకల్లో, మెడ కింద పెట్టండి. కడుపు దగ్గరివే ముఖ్యం, కుళ్లడం పేగుల దగ్గరే మొదలవుతుంది. ఏసీని 18 మీద పెట్టి ఆ గది తలుపులు మూసేయండి. సీసాలు నాలుగు గంటలకోసారి మార్చాలి, అందుకు ఇంకో వరుస సీసాలు గడ్డకట్టించి ఉంచుకోండి. పైన పలుచని నూలు పంచె కప్పండి. ఈగలు కంటి మూలల్లో, మూతి దగ్గర గుడ్లు పెట్టడానికి నిమిషాలు చాలు, ఒక్కరోజు లోపే అవి పురుగులవుతాయి. కిటికీ తెరిచి అగరుబత్తి వెలిగించినంత మాత్రాన ఈగ ఆగదు.

ఏప్రిల్, మే నెలల్లో ఏసీ, ఐసు లేకుండా ఆరు నుంచి ఎనిమిది గంటలకు మించి ఉంచలేరు. ఇలా ఐసు పెడితే రాత్రి పోయినవాడిని మర్నాడు మధ్యాహ్నం వరకు ఉంచొచ్చు. అంతకు మించి కావాలంటే, పిల్లలు బెంగళూరు నుంచి రావాలనో ఇంకేదో ఉంటే, క్లినిక్‌లో 4 డిగ్రీల కోల్డ్ ఛాంబర్ ఉందేమో చూడండి. అక్కడ రెండు రోజులు నిలుస్తుంది. డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టించి ఉంచితే ఆ సంగతి దహనవాటికకు చెప్పాలి, కాలడానికి ఎక్కువ సమయం పడుతుంది. మనుషులకు అద్దెకిచ్చే ఫ్రీజర్ బాక్సు దొరుకుతుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు.

నాలుగో అంతస్తు నుంచి దింపడం. ప్రాణం లేని 30 కిలోలు, ప్రాణమున్న 30 కిలోల కన్నా మోయడానికి కష్టం, చేతుల్లోంచి జారిపోతుంది. బలమైన దుప్పటి నాలుగు మూలలూ ముడివేసి ఇద్దరు పట్టుకోవాలి, ముగ్గురైతే నయం. తల ముందు, కాస్త ఎత్తులో. వాచ్‌మన్‌కు ముందే ఒక మాట చెబితే లిఫ్టు ఆపి ఉంచుతాడు, పొద్దున స్కూలు బస్సుల వేళ తప్పించుకోవచ్చు కూడా. కారు వెనుక సీటు మడిచి, కింద ప్లాస్టిక్, ప్యాడు వేసి, ఏసీ ఆన్ చేసుకుని వెళ్లండి. సొంత బండి లేకపోతే ట్రాలీ ఆటో వాడితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, ఏం తీసుకెళ్తున్నారో దాచకండి. మూట తెచ్చి క్యాబ్ ఎక్కించబోతే డ్రైవరు దింపేస్తాడు, ఆ గొడవ ఆ రోజు మీకు అక్కర్లేదు.

ఫర్నేస్ దగ్గర

ఒంటి మీది మెడపట్టీ, గంట, నైలాన్ బెల్టు, రబ్బరు బంతి, స్వెటర్ అన్నీ తీసేయాలి. ఇష్టమైన బొమ్మ కూడా పెట్టమని చాలామంది అడుగుతారు. ప్లాస్టిక్, రబ్బరు కాలితే నల్లపొగ వస్తుంది, కరిగిన ముద్ద ఎముకలకు అంటుకుని బూడిద నల్లబారుతుంది. నూలు గుడ్డ పర్వాలేదు. పసుపు, కుంకుమ, పూలు పర్వాలేదు. పాలియెస్టర్ చీర వద్దు. కొబ్బరికాయ నిండుది అసలే వద్దు, లోపలి నీళ్లు ఆవిరై పేలుతుంది. నెయ్యి, కర్పూరం లోపల వేయకుండా బయటే హారతిగా కానిచ్చేయండి. కాలికి ఎప్పుడైనా స్టీలు ప్లేటు వేయించి ఉంటే చెప్పండి, అది కాలదు, బూడిదలో దొరికితే మీరు కంగారు పడతారు.

గ్యాస్ ఫర్నేస్‌లో వేడి 800 నుంచి 900 డిగ్రీల దాకా ఉంటుంది. మీవాడి బరువుకు గంటన్నర నుంచి రెండు గంటలు కాలుతుంది, తర్వాత చల్లారడానికి గంట. ఆ రోజు మొదటి దహనమైతే ఫర్నేస్ వేడెక్కడానికి ఇంకొంత. బాగా లావు కుక్కల్ని పని తెలిసినవాళ్లు పొద్దున్నే, ఫర్నేస్ ఇంకా పూర్తిగా కాగక ముందే పెడతారు. ఎర్రగా కాగిన దాంట్లో పెడితే కొవ్వు ఒక్కసారిగా అంటుకుని పొగ, మంట అదుపు తప్పుతాయి. 'పొద్దున 8 కల్లా తెండి' అంటే అందుకే కావచ్చు.

లోపల పెట్టే ముందు రెండు చూడండి. నేల ఊడ్చి ఉందా? మీ కుక్క పేరో నంబరో రాసిన బిళ్ల ఎక్కడ పెట్టారు? నిజం చెప్పాలంటే ఎంత ఊడ్చినా ఇటుకల సందుల్లో ముందువాళ్లది కాస్త మిగులుతుంది, మీవాడిది కాస్త అక్కడ ఉండిపోతుంది. అది మోసం కాదు. ఊడ్చకుండా వరుసగా పెట్టుకుంటూ పోవడం మోసం.

బయటికి వచ్చేది పొయ్యిలో బూడిదలా మెత్తగా ఉండదు. తెల్లటి, బూడిద రంగు ఎముక ముక్కలు, మధ్యలో పళ్లు కనిపిస్తాయి. ముందే తెలిస్తే తట్టుకోవచ్చు. పిల్లలుంటే ఆ క్షణానికి పక్కన ఉంచకండి. ముక్కలు తెల్లగా, గోటితో నొక్కితే పొడి అయ్యేలా ఉంటే పూర్తిగా కాలినట్టు. బొగ్గులా నల్లగా ఉంటే సగమే కాలింది, మళ్లీ పెట్టమని అడగడం మీ హక్కు. కొన్నిచోట్ల పొడి చేసి ఇస్తారు, కొన్నిచోట్ల ముక్కలుగానే. మొత్తం కిలో, కిలోంబావు తూగుతుంది. లీటరున్నర పట్టే పాత్ర సరిపోతుంది. మట్టి కుండో స్టీలు డబ్బానో తీసుకెళ్లండి. పైకి చల్లారినట్టున్నా లోపల వేడి ఉంటుంది, ప్లాస్టిక్ డబ్బా అడుగు కరిగిపోతుంది. 34 కిలోల కుక్కకు చారెడు బూడిద చేతిలో పెట్టారంటే అడగాల్సిందే.

ఆ బూడిదను తులసికోటలో పోయకండి. చాలామంది పవిత్రమని అక్కడే పోస్తారు, పదిరోజుల్లో తులసి మాడిపోతుంది. ఎముక బూడిదలో క్షారం, ఉప్పు ఎక్కువ. మొక్క కిందే పెట్టాలనుకుంటే ఒక గుప్పెడు బూడిదను పెద్ద బకెట్ మట్టిలో బాగా కలిపి, నెలల ఎడంతో కొంచెం కొంచెంగా వేయండి. మామిడో వేపో అయితే తట్టుకుంటుంది. నదిలో కలపాలంటే కృష్ణకో గోదావరికో వెళ్లినప్పుడు బూడిద మాత్రమే నీళ్లలో వదిలి, గుడ్డ, కుండ, దారం వెనక్కి తెచ్చుకోండి.

పొలంలో పూడ్చిపెడితే?

అత్తయ్యగారి మాట తీసిపారేయాల్సింది కాదు. సొంత పొలం, లోతైన గొయ్యి ఉంటే పూడ్చడం చక్కని పద్ధతే. ఖర్చూ తక్కువ. సూర్యాపేట మూడు గంటల ప్రయాణం, పైన చెప్పినట్టు ఐసు పెట్టుకుని ఏసీ కారులో వెళ్తే ఇబ్బంది లేదు. కానీ గొయ్యి మీరు బయలుదేరే ముందే తవ్వి ఉండాలి. శవం పక్కన పెట్టుకుని కూలీల కోసం వెతికే పరిస్థితి రాకూడదు. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల పైన లోతు. శరీరం మీద కనీసం మూడడుగుల మట్టి పడాలి. బావికి, బోరుకు వంద అడుగుల దూరంలో, కాలువ గట్టుకు పక్కన కాకుండా చూడండి.

మీ పొలం నల్లరేగడి అయితే ఒక జాగ్రత్త. ఎండాకాలంలో ఆ నేల చేయి పట్టేంత పగుళ్లిస్తుంది, వాసన ఆ పగుళ్లలోంచి పైకొస్తుంది, ఊరకుక్కలు వచ్చి తోడతాయి. అడుగడుగుకీ మట్టిని తొక్కి గట్టిపరుస్తూ నింపి, పైన దిబ్బలా పోసి, రాళ్లు పేర్చి తుమ్మకంప వేయండి. చెలక నేల అయితే ఇంత బాధ లేదు. వానాకాలంలో పల్లపు చెలక వదిలేసి మెరక చూసుకోండి. శరీరాన్ని నూలు గుడ్డలోనే పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో పెడితే ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది.

ఇక సున్నం, ఉప్పు. 'త్వరగా మట్టిలో కలుస్తుంది' అని బస్తాలు తెచ్చి పోస్తారు. సున్నం వాసనను కాస్త అణుస్తుంది, కానీ కుళ్లడాన్ని త్వరపరచదు, ఆలస్యం చేస్తుంది. ఉప్పు కూడా అంతే, ఊరగాయ నిలవ ఉండేది దేనివల్ల? పైగా ఆ చోట రెండు మూడేళ్లు ఏమీ మొలవదు. లోతు సరిగ్గా ఉంటే ఏదీ పోయక్కర్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం పూడ్చడం కన్నా దహనమే మంచిదని గట్టిగా చెబుతాం. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి కన్నుమూయించి ఉంటే, ఏ మందు వాడారో అడగండి. పెంటోబార్బిటాల్ లాంటి మందు శవంలో, చుట్టుపక్కల మట్టిలో నెలల తరబడి విరగకుండా ఉంటుంది. గొయ్యి తోడి తిన్న కుక్కో నక్కో గద్దో దానితోనే చస్తుంది. ఫర్నేస్ వేడికి ఆ మందు మిగలదు. ఆ పరిస్థితి వస్తే దహనం ఇక్కడ చేయించి, బూడిదను పొలంలో పాతండి. ఇద్దరి మాటా నిలుస్తుంది.

పొలంలో కట్టెలు పేర్చి కాల్చేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే వద్దనండి. ఒంట్లో సగం పైన నీళ్లే. అవి ఇగిరి, ఎముక తెల్లబడేదాకా వేడి నిలవాలంటే మనిషి చితికే 400, 500 కిలోల కట్టె పడుతుంది. కుక్క చిన్నది కదా అని యాభై అరవై కిలోలు పేర్చి, అది ఆరిపోయాక సగం కాలిన కడుపు మిగిలితే పోయినవాడికి అంతకు మించిన అవమానం ఉండదు.

మున్సిపాలిటీ బండి సంగతి. జీహెచ్ఎంసీ కంట్రోల్ రూంకు, 040-21111111కు, ఫోన్ చేస్తే చనిపోయిన జంతువును తీసుకెళ్లే ఏర్పాటు చేస్తారు. వీధిలో చచ్చిన కుక్కకు అది సరైన దారి. బూడిద తిరిగి రాదు, ఎవరి పక్కన ఏది వేశారో మీకు తెలియదు. బూడిద అడుగుతున్నారంటే మీకు అది కుదరదు.

చిన్న కుక్క విషయం. అది వచ్చి వాసన చూస్తానంటే చూడనివ్వండి, కొన్ని నిమిషాల తర్వాత దానంతటదే వెళ్లిపోతుంది, మర్నాడు తలుపు దగ్గర వెతుక్కోవడం తగ్గొచ్చు. కానీ ముందు డాక్టర్ని ఒక ప్రశ్న అడగండి: బ్రూనో కిడ్నీలు వయసుతో పాడయ్యాయా, లెప్టోస్పైరోసిస్ (మూత్రం ద్వారా అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) వల్లా? రెండోదైతే మూత్రం అంటుకుంటే మీకూ, ఆ చిన్నదానికీ ప్రమాదం. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి, మూత్రం పడిన చోటును నీళ్లు కలిపిన బ్లీచింగ్‌తో కడగాలి, చిన్నదాన్ని ఆ గదిలోకి రానివ్వకూడదు. ఇంకొకటి ఎవరూ చెప్పరు. పిడుదులు, గోమార్లు ఉన్న కుక్క చనిపోతే, ఒళ్లు చల్లబడగానే అవి దిగి వెచ్చటి ఒంటిని వెతుక్కుంటూ బయలుదేరతాయి. తెల్ల దుప్పటి మీద నల్లగా పాకుతూ కనిపిస్తాయి. ఆ దుప్పట్లను సంచిలో కట్టేసి వేడినీళ్లలో ఉతకండి, చిన్నదానికి ఆ వారంలోనే పిడుదుల మందు వేయించండి.

(ఇది చదివే మిగతావాళ్లకు: చనిపోయే ముందు వారం పదిరోజుల్లో కుక్క ప్రవర్తన మారి, చొల్లు కార్చి, మనుషుల్ని కరిచి ఉంటే పైన రాసిందేదీ మీకు వర్తించదు. ముట్టుకోకండి. పశువైద్యుడికి, మున్సిపాలిటీకి రేబిస్ అనుమానమని చెప్పండి. కాటు పడినవాళ్లు, పుండు మీద చొల్లు పడినవాళ్లు సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.)

పెట్ ఇన్సూరెన్స్ ఉంటే దహనానికి ముందే కంపెనీకి తెలపండి. ఫొటోలు, డాక్టరు సర్టిఫికెట్, ఒక్కోసారి పోస్ట్‌మార్టం రిపోర్టు అడుగుతారు. బూడిదయ్యాక ఏ ఆధారం చూపిస్తారు? జీహెచ్ఎంసీ లైసెన్సు తీసుకుని ఉంటే అక్కడా, మైక్రోచిప్ ఉంటే ఆ రికార్డులోనూ చనిపోయినట్టు రాయించండి. దహనవాటిక రసీదు జాగ్రత్త చేయండి, రెండుచోట్లా అదే పనికొస్తుంది.

వాడని సెలైన్ బాటిళ్లు, సీలు తీయని కిడ్నీ డైట్ ప్యాకెట్లు మీ క్లినిక్‌లో ఇచ్చేయండి, అలాంటి జబ్బుతోనే వచ్చే ఇంకో కుక్కకు అవి ఖరీదైన వస్తువులు. సూదులు మాత్రం చెత్తబుట్టలో వేయకుండా మూత గట్టిగా బిగించిన సీసాలో పెట్టి వాళ్లకే అప్పగించండి.